మీ లాడ్జి కార్బన్ లెక్కను మన చుట్టుపక్కలే సరిచేయడం ఎలా?

తిరుపతిలో లాడ్జీ గానీ ట్రావెల్స్ గానీ నడుపుతున్నవాళ్లు కార్బన్ ఆఫ్‌సెట్ కోసం (అంటే మన వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌కు బదులుగా ఇంకోచోట దాన్ని తగ్గించడం కోసం) ఎక్కడో ఉన్న అడవికి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టనక్కర్లేదు. చంద్రగిరి పక్క ఊళ్లోనో, పూతలపట్టు వైపో, బండేసుకుని వెళ్లి కళ్లారా చూసి రాగల పనికి ఆ డబ్బు పెట్టొచ్చు.

ముందు బిల్లులు తీయండి. ఏడాది కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదులు, డీజిల్ ఖర్చు ఒకచోట పెట్టుకోండి. యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోలు, లీటరు డీజిల్‌కు 2.7 కిలోలు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కు 57 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే చాలు. నెలకు 4,000 యూనిట్లు, 6 సిలిండర్లు, జనరేటర్‌కు 50 లీటర్లు వాడే లాడ్జి అనుకుందాం. ఏడాదికి 39 టన్నులు దాటుతుంది. ట్రావెల్స్ వాళ్లకు ఇంకా తేలిక: కాణిపాకం, శ్రీకాళహస్తి రెండూ చూపించి తెచ్చే కారు రమారమి 215 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 12 ఇస్తే ఆ ఒక్క ట్రిప్పుకే 48 కిలోలు.

తగ్గించగలిగింది తగ్గించండి. మన ఊరి లాడ్జీలకు రెండు ప్రత్యేకమైన జబ్బులున్నాయి. ఒకటి, భక్తులు ఏసీ ఆపకుండా గదికి తాళమేసి కొండకు వెళ్తారు, క్యూలో పూట గడిచిపోతుంది, ఖాళీ గది చల్లబడుతూనే ఉంటుంది. కార్డు తీస్తే కరెంటు ఆగే స్విచ్ పెడితే సరి. రెండోది, సుప్రభాత సేవకు వెళ్లేవాళ్లు అర్ధరాత్రి దాటగానే స్నానాలకు లేస్తారు. అన్ని గీజర్లూ ఒకేసారి మొదలు. సోలార్ హీటర్‌లో పగలు కాగిన నీళ్లు ట్యాంకులో ఆ వేళకు వేడిగానే ఉంటాయి. వంద లీటర్ల హీటర్ ఏడాదికి 1,500 యూనిట్ల వరకు మిగులుస్తుంది.

మిగిలినదానికి పని ఎంచుకోండి. నా ఓటు బడి పైకప్పు మీది సోలార్ ప్యానెళ్లకే. ఒక కిలోవాట్ ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది, అంటే దాదాపు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టు. మీటరు చూస్తే తెలిసిపోతుంది, వాదన ఉండదు.

పాడి ఎక్కువున్న చిత్తూరు పల్లెల్లో గోబర్ గ్యాస్ కూడా మంచిదే. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కలిపి పోయాలి. ఏడాదికి 8 ఇంటి సిలిండర్లు మిగిలితే మూడో వంతు టన్ను. అయితే ఆవుల్ని అమ్మేసిన ఇంట్లో ప్లాంటు ఎండిపోతుంది. ఏటా వెళ్లి చూడాల్సిందే.

చెట్ల విషయానికొస్తే, బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోలు పీలుస్తుందని వేసుకున్నా, పై లాడ్జికి దాదాపు 2,000 చెట్లు కావాలి. అదీ ఎదిగాక. పైగా జూన్ 5న ఫొటో కోసం నాటితే తిరుపతి ఎండకు చాలా మొక్కలు మాడిపోతాయి. ఇక్కడ గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో కదా, వాటికి ముందు నాటండి. కానుగ, వేప, చింత అయితే నిలుస్తాయి. రెండు మూడు వేసవులు నీళ్లు పోసే మనిషికి కూలీ కూడా ముందే పక్కన పెట్టండి. శేషాచలం అడవిలోకి మాత్రం మొక్కలు పట్టుకుని వెళ్లకండి, అటవీ శాఖ అనుమతి లేకుండా కుదరదు.

డబ్బిచ్చే ముందు రెండు ప్రశ్నలు. మనం ఇవ్వకపోయినా ఈ పని జరిగేదేనా? ప్రభుత్వ పథకంలో ఎలాగూ వచ్చేదైతే అది మన ఖాతాలోకి రాదు. ఇదే ప్యానెల్‌ను ఇంకో హోటల్ కూడా చూపించుకుంటోందా? బడితోనో రైతుతోనో ఒక కాగితం రాసుకుంటే ఆ గొడవ ఉండదు.

బోర్డు మీద ఏం రాయాలి? "పర్యావరణహిత లాడ్జి" అని ఊరికే రాయకండి. ఆధారం లేని ఇలాంటి పర్యావరణహిత ప్రచారంపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది. "నిరుడు మా లాడ్జి వల్ల 39 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసింది, ఫలానా బడి ప్యానెళ్ల వల్ల 10 టన్నులు తగ్గింది" అని రిసెప్షన్‌లో పెట్టండి. అడిగిన అతిథికి మీటరు రీడింగుల పుస్తకం చూపించండి.