తొమ్మిది నుంచి పదికి ప్రమోషన్: ఏడాది పొడవునా వచ్చిన మార్కులతో ఎలా తేల్చాలి?

పదికి పంపాలా వద్దా అని ఏప్రిల్‌లో కూర్చుంటే చేతిలో మిగిలేది ఒక్క ఎస్‌ఏ (ఏడాది చివరి పెద్ద పరీక్ష) పేపరే. ఈ పని జూన్‌లోనే మొదలవ్వాలి.

ముందు లెక్క ఖాయం చేసుకోండి. మన బడులకు అలవాటైన పద్ధతిలో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (చదువు సాగుతుండగా మధ్యమధ్యలో చేసే మూల్యాంకనాలు), ఒక్కోటి 50 మార్కులు: భాగస్వామ్యం–ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. మొత్తం 200ను 20కి కుదించి, ఎస్‌ఏలో 80కి వచ్చినవి కలిపితే 100. ఆ ఏటి సర్క్యులర్‌లో పాళ్లు మారితే వాటినే పాటించండి. తల్లిదండ్రులకు మొదటి నెలలోనే చెప్పేయండి.

రెండోది, ఆధారం ఉన్న మార్కే వేయండి. మొదటి మూడింటిలో 30కి 29 వచ్చి, లఘు పరీక్షలో 20కి 4 వచ్చిందంటే ప్రాజెక్టు గైడు చూసి ఎక్కించిందే అయ్యుంటుంది. ప్రాజెక్టు చేతికిచ్చినప్పుడే రెండు ప్రశ్నలు నోటితో అడిగి, జవాబును బట్టి మార్కు వేయండి. అందరికీ పదికి పది వేస్తే ఎవరికి సాయం కావాలో మీకే తెలియకుండా పోతుంది.

అసలు చిక్కు గైర్హాజరు దగ్గర. కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడబూరు వైపు ఎన్నో కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (కూలి పనుల వలసకు) పోతాయి. పిల్లలూ వెంట పోతారు. ఒక పాప లెక్కల్లో ఎఫ్‌ఏ–1లో 32, ఎఫ్‌ఏ–2లో 28, ఎఫ్‌ఏ–4లో 35 తెచ్చుకుంది. ఎఫ్‌ఏ–3 నాటికి ఊళ్లో లేదు. ఎస్‌ఏలో 24. ఎఫ్‌ఏ–3 గడిలో సున్నా వేస్తే 95ను కుదించగా 9.5, మొత్తం 33.5. పాస్ గీత 35 అయితే పాప ఆగిపోతుంది. తిరిగొచ్చాక వేరే పేపరు పెట్టి, మిగతా పనులూ చేయిస్తే 30 వచ్చాయనుకోండి: 125కు 12.5, మొత్తం 36.5. అందుకే ఆ గడిలో ‘గై’ అని రాసి, వచ్చిన రెండు వారాల్లో పరీక్ష పెట్టండి. బడికి రాకపోవడం వేరు, లెక్క రాకపోవడం వేరు.

ఎఫ్‌ఏ–2 కాగానే వెనకబడ్డవారి జాబితా తీయండి. పేరు పక్కన ‘వీక్’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. ‘భిన్నాల కూడికలో హారం సమానం చేయలేదు’ అని రాస్తే రేపు ఏం చెప్పాలో తెలుస్తుంది.

చివరి సమావేశంలో హెచ్చెమ్, సబ్జెక్టు టీచర్లు అందరూ ఉండాలి. మొత్తం మార్కులతో పాటు నాలుగు ఎఫ్‌ఏల నడకా చూడండి: 18, 22, 27, 31 అని పెరిగిన బాబును 31, 27, 22, 18 అని జారినవాడితో సమానం చేయకండి. మొత్తం ఇద్దరికీ 98యే. గీత దగ్గర ఆగినవారికి వెంటనే ఆపు రాయకండి. 2019 విద్యాహక్కు సవరణ 5, 8 తరగతుల్లో తప్పినవారికి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష ఇమ్మంటుంది; నిబంధనలు ఒప్పుకున్న మేరకు తొమ్మిదికీ ఆ వెసులుబాటు ఇవ్వడం న్యాయం.

పంపినా, ఆపినా కారణం రెండు వాక్యాల్లో రాసి సంతకాలు పెట్టించండి. పంపినవారి తడబాట్ల జాబితా బడి తెరిచిన రోజే పదో తరగతి టీచరు చేతిలో ఉండాలి.