‘అడ్వాన్స్‌డ్’ నొక్కే ముందు: కౌన్సెలింగ్ రోజుల జాగ్రత్తలు

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన నాటి నుంచి సీటు చేతికి వచ్చేదాకా, కంప్యూటర్ ముఖం చూడని తల్లిదండ్రులు కూడా దాని ముందు కూర్చుంటారు. ప్రాసెసింగ్ ఫీజు కట్టాలి, స్లాటు బుక్ చేయాలి, వెబ్ ఆప్షన్లు పెట్టాలి. పాలిటెక్నిక్ ప్రవేశాల పాలిసెట్, తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల దోస్త్ కూడా దాదాపు ఆ నెలల్లోనే నడుస్తాయి. గడువు దగ్గరపడి, చేతిలో కార్డు పట్టుకుని కూర్చున్న వేళ తెర మీద ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అన్న పేజీ వచ్చి నిలుస్తుంది. అప్పుడు నేర్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం మా అక్క కూతురి ఆప్షన్ల కోసం ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడి అబ్బాయి ఏ సైటు తెరిచినా హెచ్చరిక రావడం, అతను కింద ఉన్న ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, తర్వాత వచ్చే లింకు నొక్కి ముందుకు పోవడం. వెనక నిలబడిన తండ్రులందరూ అదే పద్ధతి అనుకుని చూసి నేర్చుకుంటున్నారు. నేను తెర మూలన తేదీ చూశాను. ఆ యంత్రం ఇంకా కొన్నేళ్ల వెనకే ఉంది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోయింది, అంతే. రూపాయల్లో దొరికే ఆ బ్యాటరీ మార్చకపోవడం వల్ల మంచి సైటుకూ హెచ్చరికే, దొంగ సైటుకూ హెచ్చరికే. అన్నింటికీ ఒకేలా మొత్తుకునే యంత్రం దగ్గర నిజమైన ప్రమాదం వస్తే గుర్తుపట్టేదెవరు? నాకు ఇప్పటికీ భయం కలిగించేది ఆ అలవాటే.

కాబట్టి మొదట తేదీ, సమయం, సంవత్సరం చూడండి. తప్పుగా ఉంటే సరిచేసి పేజీని మళ్లీ తెరవండి. ఫోనులో అయితే సెట్టింగుల్లో సమయాన్ని నెట్‌వర్క్ నుంచి తీసుకునేలా ఉంచండి. నెట్ సెంటర్‌లో ఇది కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి, లేదా వేరే చోటికి వెళ్లండి.

హెచ్చరిక ఏం చెబుతోంది

ఆ హెచ్చరిక వెబ్‌సైట్ సర్టిఫికెట్ గురించి. ఇక్కడ సర్టిఫికెట్ అంటే మార్కుల మెమో, కులధ్రువీకరణ లాంటిది కాదు. వెబ్‌సైట్ తన పేరు రుజువు చేసుకోవడానికి బ్రౌజర్‌కు చూపించే గుర్తింపు కార్డు. అది ఎవరి పేరు మీద ఉంది, ఎప్పటివరకు చెల్లుతుంది, ఎవరు ఇచ్చారు అన్న మూడింటినీ బ్రౌజర్ సరిచూస్తుంది. ఒక్కటి కుదరకపోయినా ఆపేస్తుంది. ఏది కుదరలేదో ఆ పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్రోమ్‌లో ఆ కోడ్ చివర ‘డేట్ ఇన్వాలిడ్’ అని ఉంటే గడువు సంగతి. ‘కామన్ నేమ్ ఇన్వాలిడ్’ అంటే కార్డు మీది పేరు, మీరు తెరిచిన చిరునామా ఒకటి కాదు. ‘అథారిటీ ఇన్వాలిడ్’ అంటే కార్డు ఇచ్చిన సంస్థ బ్రౌజర్ నమ్మే జాబితాలో లేదు.

మీ తేదీ సరిగ్గానే ఉండి గడువు హెచ్చరిక వస్తే, చాలాసార్లు సైటు నడిపేవాళ్లు సర్టిఫికెట్‌ను సమయానికి పొడిగించుకోలేదని అర్థం. ఇది ఇకముందు పెరగవచ్చు. 2020 సెప్టెంబరు నుంచి ఒక సర్టిఫికెట్ గరిష్ఠంగా 398 రోజులు చెల్లేది. 2026 మార్చి 15 తర్వాత ఇచ్చేవాటికి ఆ గడువు 200 రోజులే, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. పొడిగింపును యంత్రానికి అప్పగించకుండా మనుషుల జ్ఞాపకశక్తి మీద నడిపే కార్యాలయాలు పదేపదే మరిచిపోతాయి.

పాత ఫోన్ల సంగతి వేరు. ఎన్నో వెబ్‌సైట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడతాయి. ఆండ్రాయిడ్ 7.0, అంతకంటే పాత ఫోన్లలో ఆ సంస్థను నమ్మడానికి ఆధారమైన మూల సర్టిఫికెట్ ఉండదు. వాటి కోసం చేసిన తాత్కాలిక ఏర్పాటు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఇంట్లో అందరి ఫోన్లలో బాగా తెరుచుకునే సైటు తాతగారి ఫోనులో మాత్రం తెరుచుకోకపోతే కారణం ఇదే కావచ్చు. ఫీజు కట్టే పని కొత్త ఫోనులో చేయండి.

రైల్వే స్టేషన్, హాస్టల్, హోటల్ వైఫైలలో లాగిన్ కాకముందు కూడా ఇలాంటి హెచ్చరికలు వస్తాయి. మీరు అడిగిన సైటుకు అడ్డంగా ఆ వైఫై తన లాగిన్ పేజీని నిలబెట్టడమే కారణం. అక్కడ హెచ్చరికను దాటకండి. వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. హెచ్చరిక పోతే సమస్య ఆ వైఫైదే.

‘ప్రభుత్వ సైటే కదా’ అనుకోవద్దు

ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. హెచ్చరిక వచ్చిందంటేనే, అవతల ఉన్నది ఆ ప్రభుత్వ సైటో కాదో బ్రౌజర్ తేల్చుకోలేకపోయిందని అర్థం. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. 2014 జులైలో, ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు చూసే మన ఎన్‌ఐసీ సర్టిఫికెట్ల వ్యవస్థ నుంచే గూగుల్ పేర్ల మీద అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. దేశంలో సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ విభాగం సీసీఏ వాటికి ఆధారమైన ఎన్‌ఐసీ సర్టిఫికెట్లను వెంటనే రద్దు చేసింది. ఆ తర్వాత సీసీఏ కింద వచ్చే సర్టిఫికెట్లను కొన్ని భారతీయ చిరునామాలకే పరిమితం చేస్తూ క్రోమ్‌లో మార్పు తెచ్చారు. బ్రౌజర్లు ఇంత కఠినంగా ఉండటం వెనక ఇలాంటి అనుభవాలున్నాయి.

మరి ఏం చేయాలి? నేను పాటించేది ఇది. ఆ పేజీలో మీరు చదవడానికే వెళుతున్నారా, ఏమైనా ఇవ్వడానికి వెళుతున్నారా అని చూసుకోండి. పాస్‌వర్డ్, ఓటీపీ, హాల్‌టికెట్ నంబరు, ఆధార్, కార్డు వివరాలు, వీటిలో ఏ ఒక్కటి ఇవ్వాల్సి ఉన్నా హెచ్చరిక దాటకూడదు. దీనికి మినహాయింపు లేదు. లాగిన్ వివరాలు మరొకరి చేతిలో పడితే పోయేది డబ్బే కాదు, మీ అమ్మాయి రాత్రంతా కూర్చుని పేర్చిన ఆప్షన్ల వరస కూడా. పాత కటాఫ్ ర్యాంకులు చూడటం లాంటి పని అయినా, కాసేపు ఆగి వేరే నెట్‌వర్క్‌లో చూడటమే మేలు. హెచ్చరిక దాటి తెరిచిన పేజీలోని సమాచారాన్ని ఎవరైనా మధ్యలో మార్చి ఉండవచ్చు.

కొన్ని సైట్లకు ముందుకు వెళ్లే లింకే రాదు. ఏ పరిస్థితిలోనూ దాటనివ్వవద్దని ఆ సైటే బ్రౌజర్‌కు ముందుగా చెప్పి ఉంచుతుంది. దాన్ని ఎలా దాటాలో వెతకకండి.

పేజీ మొత్తం ఎర్రగా వస్తే సర్టిఫికెట్ గొడవ కాదు. ఆ చిరునామా మోసానికో, హానికరమైన ఫైళ్లకో వాడుతున్నారని బ్రౌజర్‌కు అందిన సమాచారం అది. వెనక్కి వచ్చేయండి.

హెచ్చరిక రాకపోయినా

2018 జులై నుంచి క్రోమ్, చిరునామా ముందు హెచ్‌టీటీపీ మాత్రమే ఉండి ఎస్ లేని సైట్లన్నింటికీ ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది. తాళం గుర్తు ఉంటే నమ్మవచ్చని మనలో చాలామంది ఇంకా అనుకుంటున్నారు. దొంగ సైటుకు కూడా తాళం ఉంటుంది, సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. తాళాన్ని చూసి జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

చూడాల్సింది చిరునామానే. గవ్.ఇన్, ఎన్‌ఐసీ.ఇన్ ప్రభుత్వానివి, ఏసీ.ఇన్ విద్యాసంస్థలది. అయితే కొన్ని అధికారిక కౌన్సెలింగ్ పేజీలు వీటితో ముగియవు. తెలంగాణలో టీఎస్ టీజీగా మారాక కొన్ని చిరునామాలూ మారాయి, ఉన్నత విద్యా మండలిదే అందుకు ఉదాహరణ. కాబట్టి వాట్సాప్‌లో తిరిగే లింకు గానీ, వెతికితే పైన వచ్చే ప్రకటన గానీ తెరవకుండా, నోటిఫికేషన్‌లో అచ్చయిన చిరునామాను అక్షరం అక్షరం టైపు చేసి, తెరిచాక బుక్‌మార్క్ పెట్టుకోండి. మీ బ్యాంకు పేజీ అయితే బ్యాంక్.ఇన్‌తో ముగుస్తుందేమో చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోపు దానికి మారాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ పేర్లను కేటాయించేది మన హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన సంస్థ ఐడీఆర్‌బీటీ.

ఇక హెచ్చరిక వేషం వేసుకుని వచ్చే మోసాలు. ‘మీ ఫోనులో వైరస్‌లు ఉన్నాయి’ అంటూ తెరంతా నిండి, సైరన్ మోగించి, ఒక ఫోన్ నంబరు చూపిస్తాయి. నిజమైన బ్రౌజర్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు, సెకన్ల లెక్క ఉండదు, ఏ యాప్‌నూ దించుకోమనదు. కంప్యూటర్‌లో ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి మూసేయండి. ఫోనులో ఆ ట్యాబును తీసేసి, నోటిఫికేషన్లకు అనుమతి ఇచ్చి ఉంటే బ్రౌజర్ సెట్టింగుల్లో రద్దు చేయండి. ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) దిగి ఉంటే తెరవకుండానే తొలగించండి. ట్రాఫిక్ చలానా, పెళ్లిపిలుపు పేర్లతో వచ్చేవీ ఇవే.

పొరపాటు ఇప్పటికే జరిగిపోతే సిగ్గుపడి దాచుకోవద్దు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. మొదటి గంటల్లో చెబితే డబ్బు దారి మళ్లకముందే ఆపే అవకాశం ఎక్కువ. కౌన్సెలింగ్ పాస్‌వర్డ్‌ను వేరే ఫోనులో, సరైన చిరునామాలో మార్చండి. ఆప్షన్ల జాబితాను మళ్లీ తెరిచి, ముందు తీసుకున్న ప్రింటుతో పోల్చి చూడండి. సహాయ కేంద్రానికి వెళ్లి అక్కడి సిబ్బందికి విషయం చెప్పండి.

నెట్ సెంటర్ నుంచి లేచే ముందు లాగౌట్ కావాలి, పాస్‌వర్డ్ గుర్తుంచుకోవాలా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి, డౌన్‌లోడ్స్‌లో మిగిలిన ర్యాంకు కార్డును, ఆధార్ నకళ్లను తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. ప్రింట్ల కోసం వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే మీ ఫోనులోని లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి దాన్నీ తొలగించండి.