మూస్ వేటకు బోల్ట్ రైఫిల్ – 4వ పాఠం: స్టాక్ ఒంటికి కుదరాలి

పోయిన పాఠంలో తూటా సంగతి తేల్చుకున్నాం. స్వీడన్‌లో మూస్‌ని, అంటే అక్కడి పెద్ద దుప్పిని, వేటాడాలంటే క్లాస్ 1 తూటా, అంటే పెద్ద జంతువులకు పనికొచ్చే తరగతి తూటా, ఉండాలి. తూటాలోంచి దూసుకుపోయే బుల్లెట్ బరువు 10 గ్రాములు, ఆపైన ఉంటే 100 మీటర్ల దగ్గర కనీసం 2000 జౌళ్ల శక్తి, 9 నుంచి 10 గ్రాముల మధ్య ఉంటే 2700 జౌళ్లు. 10.1 గ్రాముల బుల్లెట్‌తో పాత 6.5×55 తూటా కూడా ఇందులోకి వస్తుంది. అందుకే ఇంకా పెద్దదైన 9.3×62 తూటా రైఫిల్ కొనలేకపోయామని బెంగ పెట్టుకోవద్దన్నాను. దెబ్బ గుండె, ఊపిరితిత్తుల చోట పడకపోతే పెద్ద తూటా కూడా ఆ జంతువుని బాధపెట్టడానికే పనికొస్తుంది. అక్కడే పడాలంటే రైఫిల్ మన ఒంటికి కుదరాలి, ముఖ్యంగా స్టాక్, అంటే భుజానికి, చెంపకు ఆనే వెనక భాగం.

ముందు మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేయండి. బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ) వెనక్కి లాగి చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో చూడండి, వేలితో కూడా తడిమి చూడండి. ఇప్పుడు వేటకు వేసుకునే కోటు తొడుక్కోండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. షర్టు మీద సరిగ్గా కుదిరిన స్టాక్, దళసరి కోటు మీద పొడవైపోతుంది. గోడ మీద ఏదో ఒక గుర్తు చూసుకుని, కళ్లు మూసుకుని, రైఫిల్‌ని భుజానికి ఎత్తండి. చెంప ఆనాక కళ్లు తెరవండి. స్కోప్‌లో, అంటే రైఫిల్ మీది గురి దుర్బిణిలో, గుండ్రటి బొమ్మ నిండుగా కనిపించాలి. మెడ చాచితేగానీ నిండకపోతే స్టాక్ పొడవు ఎక్కువైనట్టు, లేదా స్కోప్ మరీ ముందుకు ఉన్నట్టు. చెంప పైకి లేపితేగానీ కనిపించకపోతే స్టాక్ పైఅంచు మీకు తక్కువ ఎత్తులో ఉంది.

ముందు పొడవు చూడండి. ఫ్యాక్టరీ స్టాక్‌లు ఎక్కువగా 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. పొట్టివాళ్లకు, అందులోనూ కోటు మీద, అది ఎక్కువే. వెనక ప్యాడ్ కింద స్పేసర్లు (పొడవు పెంచే పలకలు) ఉంటే ఒకటి తీసి చూడండి. చెక్క స్టాక్ అయితే గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) చేత కోయించండి, అదీ ముందు కొంచెమే. కోసిన చెక్క మళ్లీ అతకదు. తర్వాత స్కోప్. కంటికీ అద్దానికీ మధ్య సుమారు 9 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే దగ్గరైతే పేలినప్పుడు స్కోప్ అంచు కనుబొమకు తగులుతుంది. నాకు మొదటి ఏడాది అలాగే తగిలి రక్తం కారింది. ఆ తర్వాత చాలా రోజులు ట్రిగ్గర్ నొక్కే ముందు టెన్షన్‌తో కన్ను మూసుకుపోయేది. చివరిగా చెంప ఎత్తు. ఫోమ్ ముక్క కోసి టేపుతో చుట్టి కొన్నాళ్లు వాడి చూడండి, కుదిరాకే ఖరీదైన చీక్ రైజర్ (చెంప ఆనే ఎత్తు పెంచేది) కొనండి. అది పెట్టాక బోల్ట్ తగలకుండా బయటికి వస్తోందా లేదా చూడటం మరవకండి.

పాత ఎం/96 మౌజర్, అంటే స్వీడన్ సైన్యం వాడిన పాత రైఫిల్, కొన్నవాళ్లకు ఒక మాట. దాని బోల్ట్ పిడి తిన్నగా పక్కకు ఉంటుంది, సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) పైకి లేస్తుంది. స్కోప్‌ని తక్కువ ఎత్తులో బిగిస్తే రెండూ దానికి తగులుతాయి. పిడి వంచడం, సేఫ్టీ మార్చడం, స్కోప్ మౌంట్‌కి రంధ్రాలు వేయడం, అన్నీ గన్‌స్మిత్ పనులే. ట్రిగ్గర్ జోలికి కూడా మీరు వెళ్లకండి. ఒక్క ముక్క కూడా మార్చకుండా వచ్చిన సైనిక రైఫిల్ మీ చేతికి దొరికితే మాత్రం దాన్ని కోయవద్దు. అలాంటివి తరిగిపోతున్నాయి. వేటకు ఇదివరకే మార్చిన రైఫిల్ ఇంకొకటి వెతుక్కోండి.

వచ్చే పాఠం వరకు రోజుకు పదిసార్లు, ఖాళీ రైఫిల్‌తో, కోటు మీద, కళ్లు మూసుకుని ఎత్తడం సాధన చేయండి. పదిలో ఎన్నిసార్లు బొమ్మ నిండుగా వచ్చిందో రాసి పెట్టుకోండి. ఆ లెక్కతోనే 80 మీటర్ల మూస్ ట్రాక్ (మూస్ బొమ్మ కదిలే గురి మైదానం) మీద గురి సరిచేయడం మొదలుపెడదాం.