ఆర్‌ఎన్‌ఏను కోరుకున్న చోటే కోయడం ఎలా?

ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేయడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. మన వేళ్లకు అంటి ఉండే ఎంజైములే ఆ పని చేసేస్తాయి. ఫలానా అక్షరం (ఏ, యు, జి, సి అనే బేస్‌లలో ఒకటి) దగ్గరే తెగాలన్నప్పుడే అసలు పరీక్ష. అందుకు పనికొచ్చేది ఆర్‌ఎన్‌ఏజ్ హెచ్ అనే ఎంజైము. 1969లో స్టైన్, హౌసెన్ అనే శాస్త్రవేత్తలు దూడ థైమస్ గ్రంథిలో దీన్ని గుర్తించారు. ఒంటరి ఆర్‌ఎన్‌ఏ జోలికి ఇది పోదు. ఆర్‌ఎన్‌ఏ డీఎన్‌ఏతో జతకట్టిన చోట మాత్రం ఆర్‌ఎన్‌ఏ పోగును కోస్తుంది, డీఎన్‌ఏను వదిలేస్తుంది. అంటే కోత ఎక్కడ పడాలో నిర్ణయించేది మనం తయారు చేయించే ప్రోబే, అంటే ఆ చోట ఆర్‌ఎన్‌ఏతో జతకట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కే.

కాబట్టి ముందు ప్రోబ్ మీద మనసు పెట్టండి. ఆర్‌ఎన్‌ఏలో ఏకు టి, యుకు ఏ, జికి సి, సికి జి జత. రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి గనుక ఆర్‌ఎన్‌ఏలో 5′ (పోగు మొదటి కొస) నుంచి జి-ఏ-యు-సి-సి-ఏ అని ఉంటే, ప్రోబ్‌ను 5′ నుంచి టి-జి-జి-ఏ-టి-సి అని రాయాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఆర్డరు పెట్టేముందు ఇంకొకరి చేత చదివించండి.

ఇరవై అక్షరాల ప్రోబ్ మొత్తం డీఎన్‌ఏ అయితే కోత ఒక్కచోట ఆగదు, ఆ జంట పొడవునా ఎక్కడైనా పడొచ్చు. దీనికి 1987లో జపాన్‌లో ఎయికో ఒత్సుకా బృందం చక్కని ఉపాయం చూపింది: నడుమ నాలుగు డీఎన్‌ఏ అక్షరాలు, అటూ ఇటూ 2′-ఓ-మిథైల్ ఆర్‌ఎన్‌ఏ (రసాయనికంగా కాస్త మార్చిన ఆర్‌ఎన్‌ఏ). ఆ పక్క భాగాలు గట్టిగా అతుక్కుంటాయి గానీ ఎంజైముకు చోటివ్వవు. ఇంత పొందికైన ఆలోచన ఈ రంగంలో నాకు మరొకటి కనిపించలేదు. అయితే ఆ నాలుగింటి ఎదుట సరిగ్గా ఏ బంధం తెగుతుందన్నది ఎంజైము ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఒక అక్షరం అటూ ఇటూ మారొచ్చు. మీ ఎంజైముతో ఒకసారి సరిచూసుకోండి.

ఇక జతకట్టించడం. ఆర్‌ఎన్‌ఏ తనలో తానే మడతపడి ఉంటుంది. ప్రోబ్‌ను దానికంటే కొన్ని రెట్లు ఎక్కువ కలిపి, 95 డిగ్రీల వద్ద రెండు నిమిషాలు వేడిచేసి, మెల్లగా చల్లారనివ్వండి. ఈ దశలో మెగ్నీషియం వేయకండి. వేడిలో అది ఆర్‌ఎన్‌ఏను ఎక్కడపడితే అక్కడ విరిచేస్తుంది.

చల్లారాక మెగ్నీషియం ఉన్న బఫర్, ఎంజైము కలిపి 37 డిగ్రీల వద్ద అరగంట ఉంచండి. మెగ్నీషియం లేకపోతే ఎంజైము పనిచేయదు. అందుకే మెగ్నీషియంను పట్టేసుకునే ఈడీటీఏ వేయగానే కోత ఆగిపోతుంది. ఆర్‌ఎన్‌ఏను పాడుచేసే ఎంజైములను ఆపే మామూలు ఆర్‌ఎన్‌ఏజ్ ఇన్హిబిటర్‌ను నిశ్చింతగా వాడొచ్చు: అది ఆర్‌ఎన్‌ఏజ్ ఏ లాంటివాటిని అడ్డుకుంటుంది, హెచ్‌ను ముట్టదు.

చివరగా ముక్కలను పొడవును బట్టి విడదీసే, యూరియా కలిపిన పాలీఆక్రిలమైడ్ జెల్ మీద చూడండి. 300 అక్షరాల ఆర్‌ఎన్‌ఏను 120 దగ్గర కోస్తే 120, 180 పట్టీలు రావాలి. పక్కనే ప్రోబ్ లేని గొట్టం, ఎంజైము లేని గొట్టం, వేరే ప్రోబ్ వేసిన గొట్టం కూడా నడపండి. ప్రోబ్ లేని గొట్టంలోనూ ముక్కలు కనిపిస్తే అది మీ కోత కాదు. గ్లోవ్స్, నీళ్లు, టిప్పులు మార్చి మళ్లీ మొదలుపెట్టండి.