ఇంటి నెట్‌వర్క్ స్వయంబోధిని – 5వ పాఠం: స్ట్రీమింగ్ బాక్సును ఎంచుకోవడం

గత పాఠం పూర్తయ్యేసరికి వాడుకలో లేని పాత లాప్‌టాప్‌ను సర్వరుగా మార్చి, దానికి హార్డ్ డిస్కు తగిలించి, సర్వరులోని వీడియోలను ఇంట్లోని పరికరాలకు పంపే జెల్లీఫిన్ అనే ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసి, అందులోని సినిమాలను, ఇంటి వీడియోలను ఫోనులో చూడగలిగే స్థితికి వచ్చాము. అదే సరుకును హాల్లోని టీవీ మీదకు తెచ్చే బాక్సు ఏది కొనాలన్నది ఈ పాఠం. దుకాణంలో ఏ అట్టపెట్టె చూసినా దాని మీద 4కే అనే అక్షరాలు పెద్దగా ఉంటాయి కాబట్టి వాటిని బట్టి ఒకదానిని మరొకదానితో పోల్చడం సాధ్యం కాదు. మీ దగ్గరున్న ఫైలును సర్వరు ఏమీ మార్చకుండా, ఉన్నదున్నట్టుగా పంపితే ఈ బాక్సు దానిని ఆడించగలదా అన్నదే మనం వేయవలసిన ప్రశ్న. జెల్లీఫిన్‌లో దీనిని డైరెక్ట్ ప్లే అంటారు. ఈ పాఠంలోని లెక్కలన్నీ దానికోసమే.

ముందు ఫైళ్లను పరిశీలించండి

మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే బరువైన ఫైలును ఎంచుకోండి. తెలుగు ఇళ్లలో అది చాలావరకు సినిమా కాదు, పెళ్లి వీడియో. కంప్యూటరులో ఆ ఫైలును వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరుతో తెరిచి, టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ నొక్కితే వీడియో ఏ కోడెక్‌లో ఉందో, సెకనుకు ఎన్ని ఫ్రేములో కనిపిస్తుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరు వీటితో పాటు బిట్ డెప్త్ (ఒక్కో రంగుకు కేటాయించిన బిట్ల సంఖ్య) 8 అవునా 10 అవునా అన్నది కూడా స్పష్టంగా చూపుతుంది.

కోడెక్ అంటే వీడియోను కుదించిన పద్ధతి. 2003లో వచ్చిన హెచ్.264ను ఇప్పుడు మార్కెట్లో ఉన్న ప్రతి బాక్సూ ఆడిస్తుంది, అయితే ఎంత రిజల్యూషను వరకు అన్నది చూసుకోవాలి. 2013లో ప్రమాణంగా వెలువడిన హెచ్.265ను, అంటే హెచ్‌ఈవీసీని, 4కే బాక్సులన్నీ చదువుతాయి. ఐఫోను 2017 నుంచి వీడియోను ఈ పద్ధతిలోనే దాస్తోంది కనుక అమెరికా నుంచి పిల్లలు ఐఫోనులో తీసి పంపే వీడియోలు ఈ రకానివి కావచ్చు. 2018లో వచ్చిన ఏవీ1 కొత్త చిప్పుల్లో మాత్రమే ఉంటుంది, కానీ మీ సొంత ఫైళ్లలో అది ఎదురయ్యే అవకాశం తక్కువ. ఇక 10 బిట్ల హెచ్.264 అనే అరుదైన రకం ఒకటుంది. ఇలాంటి ఫైలును చాలా బాక్సుల్లోని హార్డ్‌వేర్ డీకోడరు (కుదించిన వీడియోను విప్పే చిప్పు భాగం) చదవలేదు. ఇలాంటివి ఒకటి రెండు ఉంటే వాటి కోసం బాక్సును మార్చనవసరం లేదు, ఆ ఫైళ్లనే మార్చుకోండి.

ఇప్పుడు బిట్‌రేటు లెక్క వేద్దాం. ఫైలు పరిమాణాన్ని గిగాబైట్లలో తీసుకొని 8,000తో గుణిస్తే మెగాబిట్లు వస్తాయి. వాటిని నిడివి సెకన్లతో భాగిస్తే సెకనుకు సగటున ఎన్ని మెగాబిట్లు ప్రవహించాలో తెలుస్తుంది. రెండున్నర గంటల సినిమా 9 గిగాబైట్లు ఉందనుకుంటే, 72,000ను 9,000తో భాగించగా వచ్చేది 8 మెగాబిట్లు. ఇది ఏ బాక్సుకైనా తేలిక. ఇక వీడియోగ్రాఫరు పెన్‌డ్రైవులో ఇచ్చిన 4కే హెచ్.264 ముహూర్తం వీడియో 36 నిమిషాలు, 27 గిగాబైట్లు ఉందనుకుందాం. 2,16,000ను 2,160తో భాగిస్తే సరిగ్గా 100 మెగాబిట్లు వస్తుంది. ఇది పుస్తకం లెక్క కోసం కల్పించిన అంకె కాదు. సోనీ కెమెరాల్లో 4కే రికార్డింగుకు సెకనుకు 100 మెగాబిట్ల ఎంపిక ఉంది, కెమెరాలోంచి వచ్చిన ఫైలును ఎక్కువగా కుదించకుండా ఇచ్చేవారి వీడియోలు ఈ స్థాయిలోనే ఉంటాయి.

ఇది సగటు మాత్రమేనని గుర్తుంచుకోండి. తలంబ్రాలు చల్లేటప్పుడు, పూలవాన కురిసేటప్పుడు తెర నిండా చిన్న చిన్న వస్తువులు కదులుతాయి కనుక ఆ క్షణాల్లో బిట్‌రేటు సగటును దాటి పైకి పోవచ్చు. సగటు లోతు తెలుసుకొని ఏటిలోకి దిగేవాడు ఉండడు కదా, అందువల్ల వచ్చిన అంకె మీద కనీసం సగం అదనంగా కలుపుకొని ముందుకు సాగుదాం.

బాక్సు వరకు దారి

పై లెక్కలో వచ్చిన 100 మెగాబిట్ల ఫైలు వెంటనే ఒక చిక్కును బయటపెడుతుంది. బాక్సుల్లోని ఈథర్నెట్ పోర్టులు రెండు రకాలు: 100 మెగాబిట్లవి, గిగాబిట్‌వి. మొదటి రకంలో ప్యాకెట్ల అదనపు భారం పోగా నికరంగా దక్కేది 94 మెగాబిట్లకు మించదు. అంటే 4కే అని గర్వంగా రాసుకున్న బాక్సు కూడా తీగ ద్వారా మీ పెళ్లి వీడియోను ఆగకుండా ఆడించలేదు. చవక బాక్సుల్లో ఎక్కువగా కనిపించే ఆమ్లాజిక్ ఎస్905ఎక్స్ చిప్పులో నెట్‌వర్కు భాగం 100 మెగాబిట్లదే. ఖరీదైన స్మార్ట్ టీవీల్లో సైతం చాలావాటికి ఉన్న పోర్టు ఇదే రకం. ఫైర్ టీవీ స్టిక్కుకు విడిగా అమ్మే ఈథర్నెట్ అడాప్టరు కూడా అంతే. అందువల్ల రూటరు ఉన్న గదిలోనే టీవీ ఉంటే, 5 గిగాహెర్ట్‌జ్ వై-ఫై ఈ అడాప్టరు కంటే ఎక్కువ వేగం ఇస్తుంది. తీగ ఎప్పుడూ వై-ఫై కంటే మేలన్న మాట వేగం విషయంలో ప్రతిసారీ నిజం కాదు, నిలకడ విషయంలో మాత్రం నిజమే.

బాక్సులో గిగాబిట్ పోర్టు ఉన్నంత మాత్రాన దారి పూర్తయినట్టు కాదు. ఫైబరు కనెక్షనుతో ఇచ్చే మోడెం వెనుక నాలుగు పోర్టులు ఉంటే వాటిలో ఒక్కటే గిగాబిట్‌ది, మిగిలిన మూడూ 100 మెగాబిట్లవి అయి ఉండడం చాలా మోడళ్లలో మామూలు. సర్వరు ఒక పోర్టులో, టీవీ బాక్సు మరొక పోర్టులో ఉంటే రెండింటిలో నెమ్మదైనదే లెక్కలోకి వస్తుంది. ఇలాంటి ఇంట్లో ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్చి ఒకటి కొని, సర్వరును, బాక్సును దానికి కలిపి, స్విచ్చి నుంచి మోడెంకు ఒక తీగ లాగితే, సర్వరు, బాక్సుల మధ్య ప్రవాహం మోడెం జోలికి పోకుండా స్విచ్చిలోనే పూర్తవుతుంది.

తీగ చివరన ఉన్న పారదర్శకమైన ప్లగ్గును వెలుతురులో పెట్టి చూడండి. లోపల ఎనిమిది రంగుల తీగలూ చివరి వరకు వచ్చి ఉండాలి. పని త్వరగా ముగించాలని కొందరు నాలుగు తీగలనే క్రింప్ చేసి వెళ్తారు. ఇంటర్నెట్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, కానీ ఆ తీగ 100 మెగాబిట్లను దాటదు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. అవన్నీ సరిగా ఉంటే క్యాట్ 5ఈ తీగ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది కనుక ఇంటి అవసరానికి అంతకంటే ఖరీదైనది అక్కర్లేదు.

వై-ఫై మీదే ఆధారపడవలసి వస్తే ఊహించడం మాని కొలవండి. లాప్‌టాప్‌లో ఇంటి నెట్‌వర్కు వేగాన్ని కొలిచే ఐపెర్ఫ్3 అనే ప్రోగ్రామును సర్వర్ మోడ్‌లో నడిపి, అదే ప్రోగ్రాము ఉన్న ఫోనును టీవీ దగ్గర, బాక్సు ఉండబోయే చోటనే పెట్టి, రాత్రి ఇంట్లో అందరూ ఫోన్లు చూసే వేళలో పది నిమిషాలు కొలిస్తే నమ్మదగిన అంకె వస్తుంది. ఇంటర్నెట్ వేగాన్ని చెప్పే స్పీడ్ టెస్టులు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే మన ఫైలు ఇల్లు దాటి బయటకు పోదు. కింది అంతస్తులో రూటరు, పై అంతస్తులో టీవీ ఉన్న ఇళ్లలో స్లాబు దాటేసరికి 5 గిగాహెర్ట్‌జ్ సంకేతం బాగా నీరసిస్తుంది.

ఇంత చేసినా ఆ ఒక్క పెళ్లి వీడియోకే వేగం చాలకపోతే, దానిని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేరుతో రాత్రికి రాత్రి హెచ్.265లోకి 25 లేదా 30 మెగాబిట్లకు కుదించి, అసలు ఫైలును డిస్కులో భద్రంగా ఉంచుకోవడం అన్నిటికంటే చవకైన మార్గం. టీవీ మీద తేడా గుర్తుపట్టేవారు అరుదు.

ఓటీటీ యాప్‌ల సంగతి

బాక్సును సొంత ఫైళ్లకు మాత్రమే వాడేవారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో వంటివి పూర్తి నాణ్యతతో రావాలంటే బాక్సులో వైడ్‌వైన్ ఎల్1 వంటి హార్డ్‌వేర్ కాపీ రక్షణ ఉండాలి. నెట్‌ఫ్లిక్స్ దానితో పాటు తన సొంత ధ్రువీకరణను కూడా కోరుతుంది. ఇవి లేని బాక్సులో యాప్ తెరుచుకుంటుంది, బొమ్మ మాత్రం 480 గీతల దగ్గరే ఆగిపోతుంది. 4కే కోసం టీవీలోని హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతిని కూడా అంగీకరించాలి.

పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్సుల గురించి మాత్రం కొంత కఠినంగానే చెప్పాలి. వీటిలో చాలావాటిలో ఉండేది టీవీల కోసం గూగుల్ ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ టీవీ కాదు. ఎవరైనా తీసుకొని మార్చుకోగల మూల ఆండ్రాయిడ్. 2023లో టీ95 అనే పేరుతో అమ్ముడైన బాక్సుల్లో తయారీ దశలోనే చొప్పించిన మాల్‌వేర్ బయటపడింది. బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో ఇలాంటి పరికరాల గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో బహిరంగంగా హెచ్చరించింది. ఇంటి నెట్‌వర్కులో మన సర్వరు పక్కనే కూర్చునే పరికరం ఇది కాబట్టి, రెండు వేల రూపాయల ఆదా కోసం ఇలాంటిదాన్ని తేవద్దని నా గట్టి సలహా.

ఏది ఎవరికి

పై కొలతలు చేతిలో ఉంటే ఎంపిక సులువే. మీ ఫైళ్లలో ఏదీ 40 మెగాబిట్లు దాటకపోతే, టీవీ దగ్గర 5 గిగాహెర్ట్‌జ్ వై-ఫై బాగుంటే, ఫైర్ టీవీ స్టిక్ 4కే గానీ షావోమీ 4కే బాక్సు గానీ చాలు. షావోమీ 2020లో మన దేశంలో 3,499 రూపాయలకు విడుదల చేసిన మీ బాక్స్ 4కేలో ఈథర్నెట్ పోర్టే లేదు, అయినా ఈ కోవలోని ఇంటికి అది లోటు కాదు. ఒక్క జాగ్రత్త: 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో ఆండ్రాయిడ్ లేదు, వేగా అనే వేరే వ్యవస్థ ఉంది. కోడి (Kodi) అనే మీడియా ప్లేయరు వంటి ఆండ్రాయిడ్ యాప్‌లను బయటి నుంచి తెచ్చి ఇందులో వేసుకోవడం కుదరదు.

యాపిల్ టీవీ 4కే 2022 మోడల్ రెండు రకాలుగా ఉంది. 64 గిగాబైట్ల రకానికి వై-ఫై మాత్రమే ఉంటుంది, గిగాబిట్ పోర్టు 128 గిగాబైట్ల రకానికే ఉంటుంది. ఇన్‌ఫ్యూజ్ వంటి యాప్‌తో సొంత ఫైళ్లను ఇది చక్కగా ఆడిస్తుంది, కానీ యూఎస్‌బీ పోర్టు లేదు కనుక పెన్‌డ్రైవు గుచ్చే అవకాశం ఉండదు. హోమ్ థియేటరు ఉండి, బ్లూ-రే స్థాయి డాల్బీ ట్రూహెచ్‌డీ శబ్దాన్ని మార్పు లేకుండా ఆంప్లిఫయరుకు పంపాలనుకునేవారికి ఎన్విడియా షీల్డ్ టీవీ ప్రో ఇప్పటికీ మంచి ఎంపిక. 2019 నాటి యంత్రమైనా గిగాబిట్ పోర్టు, రెండు యూఎస్‌బీ 3 పోర్టులు ఉన్నాయి, ఏవీ1 మాత్రం లేదు. మన దుకాణాల్లో ఇది సాధారణంగా కనిపించదు, అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవారు వారంటీ ఇక్కడ చెల్లదనే లెక్కలోనే తెప్పించుకోవాలి.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మీద, కోడి కోసమే చేసిన లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి కోడి నడపడం నేర్చుకునేవారికి ఎంతో ఇష్టమైన పని. టీవీ రిమోటుతోనే అంతా నడుస్తుంది కూడా. అయితే మన ఉదాహరణలోని 4కే హెచ్.264 పెళ్లి వీడియో దగ్గరే దీనికి ఇబ్బంది. 4వ తరం రాస్ప్‌బెర్రీ పై హెచ్.264ను హార్డ్‌వేరులో పూర్తి హెచ్‌డీ వరకే చదువుతుంది, 2023లో వచ్చిన 5వ తరంలో హెచ్.264 డీకోడరునే తీసివేశారు కనుక ఆ భారమంతా ప్రాసెసరు మోయాలి. హెచ్.265 మాత్రం రెండింటిలోనూ 4కే దాకా సాఫీగా ఆడుతుంది. ఓటీటీ కోసం రాస్ప్‌బెర్రీ పైని ఎంచుకోవద్దు.

ఫైబరు కంపెనీ ఇచ్చిన సెట్‌టాప్ బాక్సు ఇప్పటికే ఉంటే ముందు దానిలో జెల్లీఫిన్ గానీ వీఎల్‌సీ గానీ దొరుకుతుందేమో చూడండి. దొరికి, ఫైలు ఆడితే, ఈ నెలకు ఖర్చు లేదు.

రెండు చిన్న విషయాలు

సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు. మన వీడియోగ్రాఫర్లు తీసే పెళ్లి వీడియోలు తరచు 25 లేదా 50. బాక్సు అన్నిటినీ 60లోకి నెట్టితే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ చిన్నగా కుదుపుతుంది. సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటును అసలు వీడియోకు సరిపోల్చే ఎంపిక ఉన్న బాక్సునే తీసుకోండి, కొన్నాక దానిని ఆన్ చేయడం మరచిపోవద్దు.

రెండవది తెలుగు సబ్‌టైటిళ్లు. నోట్‌ప్యాడ్‌లో “స్త్రీ, లక్ష్మి, క్షేత్రం, ఉత్కృష్టం” అనే మాటలతో చిన్న ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు తయారుచేసి, యూటీఎఫ్-8లో దాచి, ఏదైనా వీడియోతో ఆడించండి. కొన్ని ప్లేయర్లలో వత్తులు అక్షరం కిందకు చేరక పక్కన విడిగా నిలబడతాయి. మరికొన్నింటిలో ఖాళీ గళ్లు తప్ప ఏమీ కనిపించవు. మొదటిది ప్లేయరు లోపం కనుక మరో యాప్‌తో పోతుంది, రెండవది తెలుగు ఫాంటు లేకపోవడం వల్ల వస్తుంది.

అభ్యాసం

ఒక కాగితం మీద మీ బరువైన ఫైలు కోడెక్, బిట్ డెప్త్, సగం కలిపిన తరువాతి బిట్‌రేటు రాసి, దాని కింద టీవీ దగ్గర ఐపెర్ఫ్3 చూపిన అతి తక్కువ వేగాన్ని రాయండి. రెండవ అంకె మొదటిదానికంటే ఎక్కువ ఉంటేనే బాక్సు కోసం బయలుదేరండి, లేకుంటే ముందు తీగనో స్విచ్చినో సరిచేయండి. బాక్సు ఇంటికి వచ్చాక, వాపసు గడువు ముగియక ముందే, ఆ ఫైలును సర్వరు నుంచి మొదటి నుంచి చివరి దాకా ఆడించి, ఆ సమయంలో జెల్లీఫిన్ డాష్‌బోర్డు తెరిచి చూడండి. అక్కడ మీ బాక్సు పేరు దగ్గర డైరెక్ట్ ప్లే అని ఉండాలి. ట్రాన్స్‌కోడింగ్ (సర్వరు ఫైలును మార్చి పంపడం) అని కనిపిస్తే దానికి జెల్లీఫిన్ చూపే కారణాన్ని అదే కాగితం మీద రాసి ఉంచుకోండి. 6వ పాఠంలో ఆ కారణాలను ఒక్కొక్కటిగా తీసుకుంటాము.