వేసవి సెలవుల్లో ఈజిప్టు సమాధులు: లోపలికి దిగే ముందు జాగ్రత్తలు

పిల్లల పరీక్షలు కాగానే ఈజిప్టు వెళ్లాలనుకునే కుటుంబాలకు మొదటి సలహా: వీలైతే ప్రయాణాన్ని నవంబరు, ఫిబ్రవరి మధ్యకు మార్చుకోండి. ప్రాచీన రాజుల సమాధులున్న రాజుల లోయ లక్సర్‌లో ఉంది. అక్కడ వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటడం మామూలే. రామగుండం ఎండలు చూసినవాళ్లం, ఇదెంత అనుకోకండి. అక్కడి గాలి బాగా పొడిగా ఉంటుంది. బెజవాడలో చొక్కా తడిసి ముద్దయితే నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. లక్సర్‌లో పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోతుంది, ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియదు. కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూనే ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంటినుంచే తీసుకెళ్లండి. తల తిరిగినా, వికారంగా ఉన్నా ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. టికెట్టు డబ్బులు పోతే పోతాయి.

లోయను పొద్దున్నే తెరుస్తారు. గేటు దగ్గరకు ముందుగా చేరి, పది గంటలలోపు బయటపడితే మంచిది. చెట్టూ నీడా లేని చోటు, పైగా చుట్టూ ఉన్న సున్నపురాయి కొండలు ఎండను మీదికే తిప్పికొడతాయి.

సమాధి లోపల చల్లగా ఉంటుందని చాలామంది ఆశపడతారు. కానీ గాలి ఆడదు, జనం ఊపిరితో ఉక్కపోస్తుంది, అడుగుకు వెళ్లేకొద్దీ మరీ ఎక్కువ. మామూలు టికెట్టుతో మూడు సమాధులే చూడనిస్తారు కాబట్టి పేరు చూసి కాదు, మోకాళ్లను బట్టి ఎంచుకోండి. నాలుగో రామ్సెస్ సమాధి ప్రవేశద్వారానికి దగ్గర, దారి విశాలం, వాలు తక్కువ. పెద్దవాళ్లకు అదే నయం. మూడో థట్మోస్‌ది కొండ చీలికలో ఎత్తున ఉంటుంది. ముందు నిలువు మెట్లెక్కాలి, ఆ తర్వాత అంతకంత లోపలికి దిగాలి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. అయిదో, ఆరో రామ్సెస్‌ల సమాధికి వేరే టికెట్టు, కానీ నా లెక్కలో అది దండగ కాదు. అక్కడి శవపేటిక గది కప్పు మీద ఆకాశదేవత నూత్ ఒళ్లు వంచి, సాయంత్రం సూర్యుణ్ణి మింగి, ఉదయం మళ్లీ కంటుంది. అది చూస్తూ నడిచేవాళ్లే కాలు మడత పెట్టుకునేది. ముందు ఆగండి, తర్వాత తల ఎత్తండి.

టుటన్‌ఖామున్ రాజు సమాధి దగ్గర, దాన్ని తెరిచినవాళ్లు చస్తారనే శాపం కబుర్లు తప్పకుండా వినిపిస్తాయి. తవ్వకానికి డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో పోయింది దోమకాటు పుండై, విషమించి. సమాధిని కనిపెట్టిన హోవర్డ్ కార్టర్ 1939 దాకా బతికాడు. కాబట్టి తాయెత్తు అక్కర్లేదు, దోమల క్రీము మరవకండి.

మనవల్ల గోడలకు జరిగే హాని మాత్రం నిజం. రాణుల లోయలోని నెఫెర్తారి సమాధిని చూడండి. రాతిలోని ఉప్పు తేమకు కరిగి, ఆరినప్పుడు స్ఫటికాలుగా గట్టిపడి, బొమ్మలున్న గచ్చును వెనకనుంచి తోసి ఊడగొట్టింది. 1986 నుంచి 1992 దాకా దాన్ని బాగుచేశారు. మన ఊపిరి, చెమట కూడా ఆ తేమలో భాగమే. అందుకే అక్కడ కాసేపే ఉండనిస్తారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలోని మమ్మీని ఆక్సిజన్ లేని పెట్టెలో పెట్టింది కూడా గాలినుంచి కాపాడటానికే. గోడలను వేలితో తాకకండి, వీపు ఆనించకండి, భుజం సంచిని ముందుకు వేసుకోండి. ఫ్లాష్ ఆపేశాకే ఫోను బయటికి తీయండి.

ప్రభువుల, అధికారుల సమాధుల్లో రద్దీ తక్కువ, ముప్పు వేరు. సెన్నెఫెర్ సమాధికి నిటారు మెట్లు దిగాలి. దిగితే కప్పంతా ద్రాక్ష పందిరి. రాతిని నున్నగా చెక్కకుండా వదిలేయడంతో గుత్తులు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి, అంత తక్కువ ఎత్తులో ఉంటే చెయ్యి దానంతటదే లేస్తుంది! బక్షీసు ఇస్తే తాడు దాటనిస్తామనే కాపలాదారులూ ఎదురుకావచ్చు. మర్యాదగా వద్దనండి.

గీజాలో ఖుఫు పిరమిడ్ లోపలికి వెళ్లాలంటే 1.2 మీటర్ల ఎత్తున్న వాలు సొరంగంలో దాదాపు 40 మీటర్లు నడుం వంచి ఎక్కాలి. ఎదురుగా దిగేవాళ్లూ అదే దారిలో వస్తారు. ఇరుకంటే భయమున్నవాళ్లు మధ్యలో వెనక్కి తిరగలేక ఇబ్బంది పడతారు, మొదట్లోనే మానుకోవాలి. చీర కంటే ప్యాంటో చుడీదారో మేలు, చెప్పులకు బదులు పట్టున్న బూట్లు. పైన రాజు గదిలో బొమ్మలేమీ ఉండవు, ఎర్ర గ్రానైట్ గోడలు, మూతలేని రాతి పెట్టె, అంతే. రంగుల కోసమైతే ఆ శ్రమ లక్సర్‌లో పడండి.

ఏ సమాధులు తెరుస్తారో ఎప్పటికప్పుడు మారుతుంది, నెఫెర్తారిది కూడా అప్పుడప్పుడు మూసేస్తుంటారు. బయలుదేరే ముందు రోజు హోటల్లో అడిగి తెలుసుకోండి. టికెట్టు కిటికీల దగ్గర చాలాచోట్ల కార్డే తీసుకుంటారు, అది పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి.