మీ ఊరి లైబ్రరీ వేసవి శిబిరం చరిత్ర రాయాలంటే ఎక్కడ వెతకాలి, ఎలా వెతకాలి

ఏప్రిల్ ఆఖర్లో బడులకి సెలవులివ్వగానే మన శాఖా గ్రంథాలయాల ముందు ఫ్లెక్సీ కడతారు, వేసవి విజ్ఞాన శిబిరం అని. కథలు చదివించడం, బొమ్మలు వేయించడం, క్విజ్, జూన్ మొదట్లో ముగింపు సభ, బహుమతులు, గ్రూప్ ఫోటో. ఇది మా ఊళ్ళో ఎప్పట్నుంచి జరుగుతోందండీ అని అడగండి, "చాన్నాళ్ళ నుంచే" అంటారు, అంతకు మించి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. ఆ చాన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో తేల్చాలనుకునే టీచర్లు, రిటైరైన లైబ్రేరియన్లు, ఊరి చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళు, వీళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. లైబ్రరీ గురించి రాయడం మొదలెట్టగానే చేయి దానంతటదే 1914లో బెజవాడలో పెట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1935లో పాతూరి నాగభూషణం గారి పడవ గ్రంథాలయం, వీటి మీదకి పోతుంది. గొప్ప సంగతులే, కాదనను, కానీ అవి నాలుగు పేజీలు తినేశాక మీ ఊరి శిబిరానికి అర పేజీ మిగులుతుంది, అవన్నీ ఎలాగూ వేరేచోట దొరుకుతాయి. మీకు కావాల్సిన పాత సంగతి ఒక్కటే, మీ లైబ్రరీ ఏ చట్టం కింద పుట్టింది అనేది. కోస్తా, రాయలసీమ అయితే 1948 మద్రాసు చట్టం, తెలంగాణ అయితే 1955 హైదరాబాద్ చట్టం, ఆ తర్వాత రెండూ కలిపి 1960 చట్టం. పాత ఫైళ్ళ మీద సంస్థ పేరు ఎందుకు మారుతూ ఉంటుందో దీంతో అర్థమవుతుంది.

ఇక అసలు పని. చాలామంది చేసేది ముగింపు సభ వార్తలు పోగేయడం. ఆ వార్తలో వేదిక మీద కూర్చున్న ప్రతి పెద్దమనిషి పేరూ ఉంటుంది, ఎంతమంది పిల్లలొచ్చారో మాత్రం ఉండదు, ఉన్నా "పెద్ద సంఖ్యలో" అని ఉంటుంది. అందుకే నేను చెప్పేది, పేపర్ల కన్నా ముందు రిజిస్టర్లు చూడండి.

మొదట యాక్సెషన్ రిజిస్టర్. లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకమూ అందులో ఎక్కాల్సిందే: తేదీ, నంబరు, రచయిత, పేరు, ప్రచురణకర్త, ధర, ఎక్కడ్నుంచి వచ్చింది, చివర్లో రిమార్కులు. పిల్లల పుస్తకాలు ఏ ఏడు గుంపుగా వచ్చాయో పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి (రిజిస్టర్ మీద కాదు బాబూ). మార్చి, ఏప్రిల్లలో బొమ్మల పుస్తకాలు, నీతికథలు వరసగా పాతిక ముప్పై ఎక్కాయంటే ఆ వేసవికి ఏదో తయారీ జరిగి ఉండొచ్చు, ఇంకో ఆధారం దొరికేదాకా అనుమానంగానే పెట్టుకోండి. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ఇచ్చిన పుస్తకాల మీద దాని ముద్ర ఉంటుంది, ఆ సంస్థ పుట్టిందే 1972లో కాబట్టి ఆ ముద్ర ఉన్న పుస్తకం అంతకు ముందు వచ్చే ప్రసక్తే లేదు, తేదీ చెరిగిపోయిన చోట ఇది పనికొస్తుంది. రిమార్కుల్లో "చిరిగినది, తొలగించడమైనది" అని ఉంటే తీసిపారేయకండి, పిల్లల చేతుల్లో బాగా నలిగిన పుస్తకం అయ్యుండొచ్చు.

రెండోది నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, పుస్తకం వెనక అట్టకి లోపల అంటించి ఉండే తేదీల చీటీ. ఏదైనా పాత చందమామ బైండు తీసి వెనక్కి తిప్పి చూడండి. ఊదా రంగు ముద్రలు ఒకదాని కింద ఒకటి, కొన్ని వంకరగా, కొన్ని సగమే పడి. జూలై నుంచి మార్చి దాకా నెలకొకటి కూడా లేకుండా మే నెలలో మాత్రం మూడ్రోజులకొకటి ఉంటే ఆ ఏడు వేసవిలో పిల్లలు ఆ పుస్తకాన్ని వంతులేసుకుని తీసుకెళ్ళారన్నమాట. పిల్లల బీరువాలో ఒక ఇరవై పుస్తకాల చీటీలు ఇలా చూసి, ఏ ఏడు మేలో ఎన్ని ముద్రలున్నాయో లెక్కేయండి. శిబిరం బాగా నడిచిన ఏళ్ళూ, ఊరికే ఫ్లెక్సీ కట్టిన ఏళ్ళూ చాలావరకు విడిపోతాయి. కొన్ని చోట్ల చీటీ నిండిపోతే దాని మీదే కొత్తది అంటించేస్తారు, పీకకండి, పాతది ఉందని రాసుకోండి చాలు. చీటీ లేకపోతే ఏ పుస్తకం ఎప్పుడు ఎవరికిచ్చారో రాసే ఇష్యూ రిజిస్టర్ అడగండి.

మూడోది ఖర్చుల వోచర్లు. డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్నులు, మజ్జిగ, బహుమతులకి స్టీలు గ్లాసులు. ఎన్ని గ్లాసులు కొన్నారో చూస్తే ఎంతమంది పిల్లలో రమారమి తెలుస్తుంది. ఇవి శాఖలో లేకపోతే జిల్లా గ్రంథాలయ సంస్థలో ఉంటాయి. ఇంటిపన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్ వసూలు చేసి ఈ సంస్థకే జమ చేయాలి, స్థానిక సంస్థలు అది సరిగ్గా కట్టని ఏళ్ళలో శిబిరం బక్కచిక్కి కనిపిస్తే కారణం అక్కడ వెతకండి. జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత ఉమ్మడి జిల్లా ఆఫీసులో కూడా అడగండి. ఆర్టీఐ వేస్తే పది రూపాయలతో ముప్పై రోజుల్లో జవాబు రావాలి, కానీ ముందు నోటితో అడగండి, లైబ్రేరియన్ గారితో గొడవ పెట్టుకుని లైబ్రరీ చరిత్ర రాయడం కష్టం.

పేపర్లు ఆ తర్వాతే. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలెట్టాక ఇలాంటి చిన్న వార్తలకి చోటు దొరికింది, అంతకు ముందు మెయిన్ పేపర్లో మీ మండలం శిబిరం పడే ఛాన్సు తక్కువ. వెతికేటప్పుడు వేసవి విజ్ఞాన శిబిరం ఒక్కటే కాదు, బాలల శిబిరం, పఠన శిబిరం, సమ్మర్ క్యాంపు, అన్నీ చూడండి. ఫోటోలతో ఒక జాగ్రత్త, పిల్లలు బహుమతులు పట్టుకుని నిలబడ్డ ప్రతి ఫోటో వేసవిది కాదు, నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో కూడా అచ్చం అవే ఫోటోలు, అదే గోడ. వెనక బ్యానర్ చదవండి, అది కనపడకపోతే పిల్లలు యూనిఫాంలో ఉన్నారేమో చూడండి, యూనిఫాం ఉంటే దాదాపు నవంబరే.

ఇక మనుషులు. అప్పట్లో శిబిరానికి వెళ్ళిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు. "ఎలా ఉండేది" అని అడిగితే "చాలా బాగుండేదండీ" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఫ్యాను ఉండేదా, కింద చాపలా బెంచీలా, పుస్తకం ఇంటికిచ్చేవారా అక్కడే చదవాలా, ఆడపిల్లలు ఎంతమంది, కథ చెప్పింది ఎవరు, ఇలా అడగండి. ఏ సంవత్సరం అంటే ఎవరికీ గుర్తుండదు, అది పుష్కరాలకి ముందా తర్వాతా అంటే మాత్రం టక్కున చెప్తారు. గోదావరికి 1991, 2003, 2015, కృష్ణకి 1992, 2004, 2016. పదో తరగతి ఎప్పుడు పాసయ్యారో కూడా అడిగి రెండూ సరిచూసుకోండి.

రాసేటప్పుడు ఏడాదికో వరస పెట్టి ఆధారం పక్కనే రాయండి: చీటీ, వోచరు, ఫోటో, ఫలానా వారి మాట. ఏమీ దొరకని ఏళ్ళని ఖాళీగానే వదలండి, "నిరాటంకంగా" అని రాసి పూడ్చకండి. 2020 ఖాళీ అయితే కారణం అందరికీ తెలిసిందే, లాక్‌డౌన్, అది కూడా రాయండి. "రాష్ట్రంలోనే మొట్టమొదటిది" జోలికి అసలు పోవద్దు. అమెరికాలో లైబ్రరీలు 1890ల్లోనే వేసవి సెలవుల్లో పిల్లల చేత చదివించడం మొదలెట్టాయి, మొదటి స్థానం కోసం పోటీ పడి లాభం లేదు. రిజిస్టర్లలో కనిపించే పిల్లల పేర్లు, ఇంటి అడ్రసులు మీ రాతలోకి ఎక్కించకండి, సంఖ్యలు చాలు.

వెళ్ళే టైమ్: శాఖలు చాలా చోట్ల పొద్దునా సాయంత్రమూ తెరిచి మధ్యాహ్నం మూసేస్తాయి, వారం సెలవు ఎక్కువగా శుక్రవారం. మేలో వెళ్తే లైబ్రేరియన్‌కి పిల్లలతోనే సరిపోతుంది, రిజిస్టర్లు చూడ్డానికి జూలై ఆగస్టుల్లో వెళ్ళండి, కాకపోతే వానాకాలం కాబట్టి కింది అరలోవి ముందు చూసేయండి.